తప్పుడు రీఫండు తీసుకున్నాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ప్రభుత్వ టీచర్‌ని. 2023-24 ఆర్థిక సంవత్సరం రిటర్నును పాత విధానంలో ఒక ఏజెంటు వేశాడు. సొంతింట్లో ఉంటున్నా ఇంటద్దె కింద లక్షన్నర, పార్టీ చందా కింద మరో లక్షన్నర చూపించి రూ.62,400 రీఫండు ఇప్పించాడు. అందులో పది శాతం తీసుకున్నాడు. మినహాయింపులు సరిచూసుకోమని ఇప్పుడు ఆదాయపు పన్ను శాఖ నుంచి మెసేజ్ వచ్చింది. మూడెకరాల బత్తాయి తోట మీద ఏటా రూ.60,000 కౌలు వస్తుంది. నలభై ఎకరాల ఆసామి పైసా ఇన్‌కం ట్యాక్స్ కట్టడు. నేనెందుకు కట్టాలి?

జవాబు: నోటీసు దాకా ఆగకండి, ముందే ఐటీఆర్-యూ (పాత రిటర్నును సరిదిద్దే అప్‌డేటెడ్ రిటర్ను) వేయండి. సంతకం ఏజెంటుది కాదు, బాధ్యత మీదే. తప్పుడు లెక్క చూపినట్టు శాఖే తేలిస్తే పన్నుకు రెండింతలు జరిమానా పడుతుంది. అంటే రీఫండు వెనక్కి కట్టడం కాక ఇంకో రూ.1,24,800.

ఏజెంటు ఇంకో తప్పు కూడా చేసి ఉండొచ్చు. కౌలుకు పన్ను లేదు, నిజమే. కానీ వ్యవసాయ ఆదాయం రూ.5,000 దాటితే ఐటీఆర్-1 చెల్లదు, ఐటీఆర్-2 వేయాలి. పైగా ఆ 60,000ను జీతానికి కలిపి శ్లాబు లెక్కిస్తారు. మీరు 20 శాతం శ్లాబులో ఉన్నారు కాబట్టి 12,000 పెరుగుతుంది, అందులోంచి ఆ 60,000కు 5 శాతం చొప్పున 3,000 తగ్గిస్తారు. మిగిలిన 9,000కు సెస్సుతో రూ.9,360. కౌలు చూపకపోయి ఉంటే మొత్తం బాకీ రూ.71,760.

2027 మార్చి 31లోపు వేస్తే దీని మీద 50 శాతం, అంటే రూ.35,880 అదనం. వెరసి రూ.1,07,640, వడ్డీ వేరే. ఆ వడ్డీ మీదా 50 శాతం అదనం పడుతుంది. ఆ తేదీ దాటితే అదనం 60 శాతం అవుతుంది. మీ ఆదాయం, కట్టిన పన్ను వివరాలుండే ఏఐఎస్, 26ఏఎస్ పత్రాలు దించుకుని, ఖాతాలో పడ్డ రీఫండు ఎంతో సరిచూసుకోండి. ముందు చలానా కట్టి, ఆ తర్వాతే రిటర్ను వేయాలి. చలానాలో అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి మరుసటి ఏడాది) 2024-25 అని ఎంచుకోండి. చాలామంది ఇక్కడే ఆర్థిక సంవత్సరం పెట్టేసి, కట్టిన డబ్బు మరో ఏడాది ఖాతాలో చూపిస్తోందని తిరుగుతుంటారు.

ఇక ఆసామి సంగతి. వ్యవసాయ ఆదాయంపై పన్ను వేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకిచ్చింది, కేంద్రానికి కాదు. పెద్ద కమతాలకు ఈ మినహాయింపు అన్యాయమని నేనూ అంటాను. అది ఎమ్మెల్యేని నిలదీయాల్సిన మాట. దొంగ చందా రసీదుతో ఆసామికి రూపాయి తగ్గదు. సెస్సులు, సర్‌చార్జీలు పోను కేంద్ర పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకే పంచుతారు. మీ జీతం వచ్చేదీ, మర్రిగూడ, మునుగోడు పల్లెలకు ఫ్లోరైడ్ లేని నీళ్లు అందాల్సిందీ ఖజానా నుంచే.

ఆ డబ్బు ఎటు పోతోందని అనుమానముంటే లెక్క అడగండి. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండలంలో రూ.5, ఆపైన రూ.10. మీ బడి మరమ్మతులకు ఎంత మంజూరైంది, బిల్లు ఎవరి పేరున, చేసిన పని కొలతలు రాసే కొలతల పుస్తకం నకలు కావాలి అని విడివిడిగా అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.