ఎండోమెట్రియోసిస్‌కి ఇచ్చిన పిల్స్ పడటం లేదు, మానేయాలా?

ఎండోమెట్రియోసిస్‌కి, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బుకి, నాలుగు నెలలుగా పిల్స్ వేసుకుంటున్నారు, నొప్పి తగ్గింది, కానీ స్పాటింగ్ (నెలసరి కాని రోజుల్లో కాస్త కాస్త మరక) ఆగట్లేదు, ఊరికే ఏడుపొస్తోంది, మానేయాలా భరించాలా అని మీ ప్రశ్న. నన్నడిగితే రెండూ వద్దు. మీరు వేసుకునే మాత్ర ఏదో రాయలేదు చూడండి, అసలు సంగతంతా అక్కడే ఉంది. పిల్స్ అని అన్నిటినీ ఒకే గాట కట్టేస్తాం గానీ, ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్నవి వేరు, ప్రొజెస్టిన్ అనే ఇంకో హార్మోన్ ఒక్కటే ఉన్నవి వేరు. ఈ తేడా తెలియక నేను ఏడాదిన్నర పోగొట్టుకున్నాను.

నాకు మొదట రాసింది రెండు హార్మోన్లూ కలిసిన మాత్ర. 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపే రకం. ఆపిన వారంలో బ్లీడింగ్ వచ్చేది, దాని వెనకే పాత నొప్పీ వచ్చేది. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లకి గ్యాప్ లేకుండా వరసగా కూడా ఇస్తారని చాలా ఆలస్యంగా తెలిసింది. ముందే ఎందుకు చెప్పలేదంటే మీరు అడగలేదుగా అన్నారు మా గైనకాలజిస్ట్. ఉందని తెలిస్తే కదా అడిగేది!

ఒకరోజు ఆఫీసులో మీటింగ్. అందరి ముందూ ఒక పట్టికలో అంకెలు చదువుతున్నాను. 4,380 అని ఉండాల్సిన చోట ముందు 4 కనిపిస్తోంది, చివరి సున్నా కనిపిస్తోంది, మధ్యలో ఏమీ లేదు. నల్లగా కూడా లేదు, అసలు అక్కడ ఏమీ లేనట్టే ఉంది. కళ్లు నులుముకుని మళ్లీ చూశాను. ఈలోగా ఆ ఖాళీ అంచున రంపపు పళ్లలాంటి మెరుపు గీత ఒకటి మొదలై, నెలవంకలా వంగి, మెల్లగా పక్కకి జరుగుతూ పెద్దదైంది. కళ్లు మూసినా కనిపిస్తూనే ఉంది. పక్కనున్న అమ్మాయి చేతికి కాగితం ఇచ్చేసి "నువ్వు చదువు" అన్నాను. ఇరవై నిమిషాలకి అదంతా పోయింది. ఆ తర్వాత మొదలైంది అసలు తలనొప్పి, ఎడమ కణత మీద ఎవరో సుత్తి పట్టుకుని కూర్చున్నట్టు.

నేనేం చేశాను? కళ్లద్దాల పవర్ మారిందేమోనని టెస్ట్ చేయించుకున్నాను. మారలేదు. రెండు నెలల్లో అలా ఇంకో మూడుసార్లు వచ్చింది. గైనకాలజిస్ట్‌కి చెప్పలేదు. కళ్లకీ గర్భసంచికీ ఏం సంబంధం అనుకున్నాను.

తర్వాతి అపాయింట్‌మెంట్ రోజున ఆవిడ సెలవు. ఆమె స్థానంలో కూర్చున్న డాక్టర్ నా చీటీ చూస్తూ మాటవరసకి అన్నట్టు అడిగారు, "తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపుల్లాంటివి వస్తాయా?" వస్తాయన్నాను. పెన్ను కింద పెట్టేసి "ఆ షీట్ ఇంక ముట్టుకోకండి" అన్నారు. దాన్ని ఆరాతో వచ్చే మైగ్రేన్ అంటారట, ఆరా అంటే తలనొప్పికి ముందొచ్చే ఆ మెరుపులూ ఖాళీలూ. అది ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రలు వేసుకుంటే పక్షవాతం రిస్క్ పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని నాలుగో కేటగిరీలో, అంటే అస్సలు వాడకూడని దాంట్లో పెట్టింది. ఆ ప్రశ్న మొదటి రోజే అడగడానికి పది సెకన్లు చాలు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే.

అప్పుడు ప్రొజెస్టిన్ ఒక్కటే ఉన్న డైనోజెస్ట్ అనే మాత్రకి మార్చారు. రోజుకి 2 మిల్లీగ్రాములు, గ్యాప్ లేదు, ఈస్ట్రోజెన్ లేదు. రెండో నెలకి నొప్పి సగానికి సగం తగ్గింది. స్పాటింగ్ మాత్రం మీకులాగే వదల్లేదు. రోజూ కాస్త గోధుమరంగు మరక. ప్యాడ్ పెట్టుకునేంత ఎక్కువా కాదు, పెట్టుకోకుండా ఉండేంత తక్కువా కాదు. నాలుగు నెలలు ముదురు రంగు బట్టలతోనే గడిపాను.

ఒక చిన్న పుస్తకం పెట్టాను. మాత్ర వేసుకున్న టైము, మరక ఉందా లేదా, నొప్పి పదికి ఎంత, మూడ్ ఎలా ఉంది. అంతే. ఆరు వారాలయ్యాక చూస్తే, ఆదివారాలు లేటుగా లేచి మాత్ర మధ్యాహ్నం వేసుకుంటున్నాను, సోమ మంగళవారాల్లో స్పాటింగ్ పెరుగుతోంది. రాత్రి పళ్లు తోముకునే టైముకి మార్చాను. ఐదో నెలలో ఆగింది. దానంతట అదే ఆగేదేమో అంటారు మా ఆయన. ఆ మందుకి మొదటి నెలల్లో స్పాటింగ్ మామూలేనని డాక్టరూ చెప్పారనుకోండి. నేను మాత్రం పుస్తకానికే ఓటేస్తాను. మూడు కిలోలు పెరిగాను, అదీ మాత్ర వల్లేనని నా నమ్మకం. డాక్టర్ ఒప్పుకోలేదు, నేనూ వెనక్కి తగ్గలేదు.

ఏడుపు సంగతి వేరు. డబ్బా మూత రావట్లేదని ఒక సాయంత్రం నేల మీద కూర్చుని ఏడ్చాను. అదీ పుస్తకంలో రాసి చూపించాను. డాక్టర్ నవ్వలేదు, ఇంతకుముందు డిప్రెషన్ ఉండేదా, నిద్ర ఎలా ఉంది అని అడిగారు, నెలకోసారి రమ్మన్నారు. నాకు మెల్లగా సర్దుకుంది. మీకు సర్దుకోకపోతే మందు మార్చమని గట్టిగా అడగండి. బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ రోజే ఫోన్ చేయండి.

ఇంకో గోల కూడా చెప్పాలి. అలమరలో షీట్ చూసి మా వదిన "అప్పుడే పిల్లలు వద్దనుకున్నారా?" అంది. పన్నెండేళ్లు నెలనెలా మెలికలు తిరిగినప్పుడు "అందరికీ ఉండేదేగా" అన్నది కూడా ఆవిడే. తమాషా ఏమిటంటే, ఆ డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల మాత్రని గర్భనిరోధకంగా నమ్ముకోకూడదు. గర్భం వద్దనుకుంటే కండోమ్ లాంటి హార్మోన్ లేని పద్ధతి విడిగా వాడమని లోపలి కాగితంలోనే ఉంటుంది. (ఆ కాగితం ఒకసారి విప్పితే మళ్లీ పెట్టెలో పట్టేలా మడిచిన మనిషిని నేనింతవరకు చూడలేదు.) ఇదంతా వదినకి చెప్పబోయాను, "సరేలే" అంది.

మీరు సొంతంగా మానేస్తే స్పాటింగ్ పోవచ్చు, కానీ మాత్ర ఆ జబ్బుని అణిచి ఉంచుతుందే గానీ తీసెయ్యదు, నొప్పి తిరిగి రావచ్చు. మాత్రలే పడకపోతే గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది, ఇంజెక్షన్లున్నాయి, ఆపరేషన్ ఉంది. వాటి తలనొప్పులు వాటికున్నాయి, అది డాక్టర్‌తో కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క. ముందు మీ షీట్ వెనక్కి తిప్పి చూడండి. బ్రాండ్ పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు. అందులో ఈస్ట్రోజెన్ ఉండి, మీకు కళ్ల ముందు మెరుపులు వస్తుంటే, స్పాటింగ్ సంగతి తర్వాత, ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి.