పాఠకుల ప్రశ్నలు: నలుగురిలో నూలు వడికి చూపించాలంటే

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత తకిలీ (చేత్తో తిప్పి దారం తీసే కడ్డీ) మీద, పెట్టె చరఖా (పెట్టెలో ఇమిడే రాట్నం) మీద నూలు వడకడం నేర్చుకున్నాను. ఆగస్టు 7న చేనేత దినోత్సవానికీ, అక్టోబరు 2న గాంధీ జయంతికీ వచ్చి ప్రదర్శన ఇవ్వమని మా ఊరి గ్రంథాలయం వారు అడిగారు. నేను డబ్బు తీసుకోను. పొందూరు నుంచి నూలు వడికే ఒక అమ్మనూ, ఒక నేతగాడినీ కూడా ఇలాగే ఉచితంగా రమ్మని అడగవచ్చునా? వచ్చినవాళ్ళు ఫొటో తీసుకుని వెళ్ళిపోకుండా కాసేపు నిలబడాలంటే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: దయచేసి వారిని ఉచితంగా రమ్మని అడగకండి. మీరు ఇస్తున్నది మీ తీరిక సమయం, కానీ రాట్నం మీద, మగ్గం మీద బతికేవారికి పని ఆగిన రోజు కూలి ఉండదు. వారి ఒక రోజు సంపాదన, రానుపోను ఖర్చు, భోజనం నిర్వాహకులు భరించేటట్లు ముందుగానే మాట్లాడండి. అందుకు నిర్వాహకులు ఒప్పుకోకపోతే మీరొక్కరే వెళ్ళండి. ఆ పనివారు వచ్చిన పక్షంలో వివరించే పని కూడా వారికే వదిలి, మీరు పక్కన కూర్చుని ఏకులు (వడకడానికి చుట్టిన దూది వత్తులు) అందించండి. తన పనిని గురించి ఆ అమ్మ తన మాటల్లో చెప్పే నాలుగు ముక్కలు మనం చదివి చెప్పే వాటికన్నా ఎక్కువ విలువైనవి.

ఇక జనం నిలబడాలంటే వారి చేతికి ఏదైనా పని ఇవ్వాలి. నేరుగా రాట్నంతో కాకుండా, విచ్చిన పత్తికాయతో మొదలుపెట్టండి. వచ్చినవారి అరచేతిలో ఒక కాయ పెట్టి, గింజకు అంటుకున్న దూదిని వేళ్ళతో వేరు చేయమనండి. గింజ ఎంత మొండిగా దూదిని పట్టుకుని ఉంటుందో తెలిశాక, పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారని చెబితే ఆ మాట వారికి నిజంగా అందుతుంది. ఆ దవడ ఎముక ఒకటి సంపాదించగలిగితే తప్పక చూపించండి. దాని సన్నని పళ్ళను వేలితో తాకినవారు ఆ తరువాతి ప్రశ్న తామే అడుగుతారు.

కొత్తవారికి మొదట తకిలీ ఇవ్వండి. వారు సాధారణంగా మెలిక పడకముందే దూదిని లాగేస్తారు, దారం తెగుతుంది. తెగిన కొసను ఏకు మీద ఆనించి మళ్ళీ తిప్పితే అతుక్కుంటుందని వెంటనే చూపిస్తే సిగ్గుపడకుండా కొనసాగిస్తారు. కదురు (దారం చుట్టుకునే కడ్డీ) మొన వాడిగా ఉంటుంది కనుక, చిన్నపిల్లలు ఉన్నచోట పని లేనప్పుడు దానికి ఒక బెండు ముక్క గుచ్చి ఉంచండి. ఫ్యాన్ కింద కూర్చోకండి. దూది ఎగిరిపోవడమే కాదు, తేమ ఆరిపోయి దారం ఊరికే తెగుతుంది.

సన్నదనం గురించి తప్పక అడుగుతారు. నూలు నంబరు అంటే ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని తూగుతాయన్న లెక్క. నూరో నంబరు నూలైతే ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, 84,000 గజాల దారం వస్తుంది. పరిస్తే దాదాపు 77 కిలోమీటర్లు. ఈ ఒక్క లెక్క చెప్పి, ఒక నూలుపోగును వారి వేళ్ళ మధ్య పెట్టండి.

నేతకు పెద్ద మగ్గం తీసుకువెళ్ళే ప్రయత్నం చేయవద్దు. నేలలో గుంట తీసి అమర్చే గుంటమగ్గం కదలదు, చట్రపు మగ్గానికి పడుగు (నిలువు దారాలు) ఎక్కించడానికే చాలా సమయం పడుతుంది. దానికి బదులు ఒక చిన్న చెక్క చట్రానికి మేకులు కొట్టి, ముందురోజే పడుగు కట్టి ఉంచండి. పడుగు ఒక రంగు, పేక (అడ్డం దారం) ఇంకొక రంగు అయితే దూరం నుంచి చూసేవారికి కూడా అల్లిక తెలుస్తుంది. ఒక్కొక్కరి చేత నాలుగు వరసలు వేయించండి.

ఒక విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. చేనేత అంతా చేతితో వడికిన నూలేనని చెప్పకండి. చేతితో వడికి, చేతితో నేసినది ఖద్దరు. పోచంపల్లి, మంగళగిరి వంటి చోట్ల నేతగాళ్ళు ఎక్కువగా వాడేది మిల్లు నూలు. అది వారి పనితనానికి ఏ మాత్రం లోటు కాదు, కానీ రెండింటినీ కలిపేస్తే కొనేవారు రేపు దుకాణంలో మోసపోతారు. ఆగస్టు 7 ఎందుకని ఎవరైనా అడిగితే, 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమాన్ని ప్రకటించారనీ, 2015 నుంచి ఆ రోజును జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నామనీ చెప్పండి.

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాము. మా తెలుగువారి ఉగాది వేడుకలో పిల్లలకు నూలు వడకడం చూపించాలని ఉంది. ఇక్కడ దొరికే వేలాడే కదురుతో పత్తి వడకవచ్చునా?
– ఒక పాఠకుడు

జవాబు: వడకవచ్చు కానీ, మొదలుపెట్టేవారికి అది కష్టం. గాలిలో వేలాడే కదురు ఉన్నిలాంటి పొడవు పోగులకు అనువైనది. పత్తి పోగు పొట్టిది కనుక, కదురు బరువుకే దారం జారి తెగిపోతుంది. తకిలీ మొనను ఒక చిన్న గిన్నెలో ఆనించి తిప్పితే ఆ బరువు దారం మీద పడదు. మీ ఊళ్ళో నూలు వడికేవారి సంఘం ఏదైనా ఉంటే వారినీ పిలవండి. వారి ఉన్ని, మీ పత్తి పక్కపక్కనే వడికితే తేడా ఎక్కడుందో పిల్లలకు వేళ్ళతోనే తెలుస్తుంది. తకిలీ, ఏకులు ఇండియా నుంచి వచ్చేవారితో ముందుగానే తెప్పించుకోండి. ఏకులు పెట్టెలో అణిగిపోతే దారం సరిగా సాగదు కనుక గట్టి డబ్బాలో పెట్టి పంపమనండి.