దివాలా తీసిన కంపెనీ మందు మీద ఆశ వదులుకోవాలా?

చర్మానికి, ఇన్ఫెక్షన్లకి మందులు చేసే బయోటెక్ కంపెనీ దివాలా తీస్తే ఆ మందు పనికిరానిదేనా అని అడిగారు. కాదండి. నేను దగ్గర్నుంచి చూసిన నోవన్ అనే కంపెనీ సంగతి చెప్తాను.

మేముండేది నార్త్ కరోలినాలో, కేరీలో. 2022లో మా 5 ఏళ్ల బాబుకి చంక దగ్గర ముత్యాల్లాంటి చిన్న పొక్కులు లేచాయి, ఒక్కోదాని నడుమ సూదితో గుచ్చినట్టు గుంట. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ పులిపిర్లంది. డాక్టర్ మొలస్కమ్ అన్నారు. వైరస్ వల్ల వస్తుందట, వాటంతటవే పోతాయి గానీ నెలలు పడుతుందట. అప్పటికి దానికంటూ ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ) ఒప్పుకున్న మందు ఒక్కటీ లేదు. వాడు గోకేవాడు, అవి పొట్ట మీదికి పాకేవి. వాడి తువ్వాలు వేరుగా పెట్టాం.

మా పక్క ఊరు డర్హమ్‌లోనే నోవన్ దీనికి జెల్ చేస్తోందని అప్పుడే తెలిసింది. చర్మం మీద నైట్రిక్ ఆక్సైడ్ వదిలే జెల్ అది. వాళ్లు పడ్డ పాట్లు చదివితే బాధేసింది. 2017లో మొటిమల మందుకి రెండు పెద్ద ట్రయల్స్‌లో ఒకటి నెగ్గింది, ఒకటి పోయింది, షేరు కుప్పకూలింది. మొలస్కమ్ జెల్ కూడా 2020లో రెండు ట్రయల్స్‌లో గట్టెక్కలేదు. అయినా వదల్లేదు, 891 మందితో మళ్లీ చేశారు. 2021లో ఫలితం వచ్చింది: 12 వారాలకి పొక్కులన్నీ పోయినవాళ్లు మందు రాసినవాళ్లలో 32.4 శాతం, మందు లేని జెల్ రాసినవాళ్లలో 19.7 శాతం. బ్రహ్మాండం అనను, కానీ తేడా ఉంది.

2023 జనవరిలో ఎఫ్‌డీఏకి దరఖాస్తు పెట్టారు, జూలైలో దివాలా. అంతకు ముందు ఏడాదే అమ్మకాల బలగం కోసం ఈపీఐ హెల్త్ అనే కంపెనీని కొన్నారు, అది తలకు మించిన భారమని నా అభిప్రాయం. నోవన్ ఆస్తుల్ని లిగాండ్ అనే మందుల కంపెనీ కొనుక్కుంది. 2024 జనవరి 5న అనుమతి వచ్చేసింది! ఇంకో ఆర్నెల్లు చేతిలో డబ్బుంటే ఆ రోజు వాళ్లే చూసేవాళ్లు. జెల్‌సువ్మి పేరుతో 2025 జూలైలో పెల్థోస్ అనే కంపెనీ అమ్మకానికి తెచ్చింది.

బాబువి 14 నెలలకి వాటంతటవే పోయాయి. తర్వాత పాపకి అంటుకున్నాయి, తనకి ఈ జెల్ రాస్తున్నాం. రెండు ట్యూబుల్లోంచి సమంగా పిండి, కలిపి, రోజుకోసారి రాయాలి. మొదట్లో మంటంది, ఎర్రబడింది కూడా. ఎనిమిదో వారానికి మెడ మీదవి పోయాయి. మోచేతి దగ్గర మూడున్నాయి, ఇంకా రాస్తున్నాం.