బంతాట ఆడితే చదువు పోతుందా?

ప్రశ్న: మిన్నెసోటాలో ఉన్న మా మనవడు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతానంటున్నాడు. చదువు పాడవుతుందని టెన్షన్‌గా ఉందండీ. – ఒక నానమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, ఆ రాష్ట్రంలోనే అలన్ పేజ్ ఉన్నారు. 1967లో అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు వైకింగ్స్‌లో చేరారు. అవతలి జట్టులో బంతి విసిరే ఆటగాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, దాన్ని విసిరేలోపే మీదపడి కూల్చేయడం ఆయన పని. 1971లో ఇలాంటి జట్లన్నీ పోటీపడే లీగ్ మొత్తానికి అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యారు. అవతలి జట్టును అడ్డుకునే డిఫెన్స్ ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు. నాకు ఇంకా నచ్చేది వేరే ఉంది: జట్టులో ఆడుతూనే లా చదివి 1978లో పట్టా తీసుకున్నారు. 1993 నుంచి 2015 దాకా మిన్నెసోటా సుప్రీంకోర్టులో న్యాయమూర్తిగా ఉన్నారు. ఆ పదవిలో కూర్చున్న తొలి నల్లజాతీయుడు ఆయనే. చదువు సంగతి సరే, తలకి దెబ్బలు తగిలే ఆట కదా, కోచ్ ఏం జాగ్రత్తలు తీసుకుంటాడో అబ్బాయి చేత అడిగించండి.