పరాయి రాష్ట్రంలో అద్దె ఇల్లు

ప్రశ్న: నేను పదవీ విరమణ పొందిన ఉపాధ్యాయుడిని. చేతికందిన సొమ్ముతో పుణెలో ఫ్లాట్ కొని అద్దెకివ్వాలనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, ముందు లెక్క వేయండి. ఉదాహరణకు ఫ్లాట్ ధర 60 లక్షలు, నెలకు అద్దె 18 వేలు అనుకుంటే ఏడాదికి 2,16,000 రూపాయలు వస్తాయి. అందులో నెలకు 3 వేల చొప్పున నిర్వహణ ఖర్చును, ఒక నెల ఖాళీగా ఉండటం వల్ల కలిగే నష్టాన్ని తీసివేస్తే మిగిలేది 1,62,000, అంటే 2.7 శాతమే. ఆస్తిపన్ను, స్టాంపు డ్యూటీ ఇందులో చేర్చలేదు. పింఛనుకు తోడుగా నెలనెలా రాబడి కోరేవారికి ఇది చాలదని నా అభిప్రాయం.

అయినా కొనదలిస్తే, నిర్మాణంలో ఉన్న ప్రాజెక్టు వివరాలను మహారాష్ట్ర రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) వెబ్‌సైటులో చూసి, లింకు దస్తావేజులను (ఆస్తి అంతకుముందు ఎవరెవరి చేతులు మారిందో చూపే పత్రాలను) స్థానిక న్యాయవాదికి చూపించండి. ధర 50 లక్షలు, అంతకు మించి ఉంటే కొనుగోలుదారుగా మీరే అమ్మేవారికిచ్చే సొమ్ములోంచి 1 శాతం టీడీఎస్ (మూలం వద్ద పన్ను) మినహాయించి ప్రభుత్వానికి చెల్లించాలి.

మన దగ్గర 11 నెలల కాగితం రాసుకుని ఊరుకుంటాం కానీ, మహారాష్ట్రలో 1999 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందాన్ని (ఇంటిని వాడుకునే అనుమతి మాత్రమే ఇచ్చే అద్దె ఒప్పందాన్ని) తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి, ఆ బాధ్యత కూడా యజమానిదే.

మీ పక్కనే వరంగల్ కాశీబుగ్గలో ఇల్లుంటే సాయంత్రం వెళ్లి కారుతున్న కుళాయిని చూసి రావచ్చు; పుణెలో ఆ పని చేసిపెట్టే నమ్మకమైన మనిషి దొరికాకే బయానా ఇవ్వండి.