బ్యానర్ మారితే పిటీ పోతుందా?

ప్రశ్న: గెన్షిన్ ఇంపాక్ట్ గేమ్‌లో క్యారెక్టర్ ఈవెంట్ బ్యానర్ (కొన్నాళ్లే ఉండే, ఒక ప్రత్యేక పాత్ర కోసం ఆడే లక్కీ డ్రా) మీద 76వ విష్‌కి, అంటే 76వ లాగుడుకి, ఐదు నక్షత్రాల పాత్ర పడింది, కానీ వచ్చింది బ్యానర్ పాత్ర కాదు, చీచీ. తర్వాత ఇంకో 20 విష్‌లు చేశాను. బ్యానర్ రేపటితో ఆఖరు. ఇదంతా వృథాయేనా?

జవాబు: వృథా కాదు. పిటీ లెక్క (చివరి ఐదు నక్షత్రాల తర్వాత ఎన్ని విష్‌లు చేశారన్నది; 90వ విష్‌కల్లా ఐదు నక్షత్రాలు తప్పక పడతాయి), గ్యారంటీ (ఒకసారి వేరే పాత్ర వస్తే తర్వాతిసారి బ్యానర్ పాత్రే రావడం) రెండూ తర్వాతి క్యారెక్టర్ ఈవెంట్ బ్యానర్‌కి వెళ్తాయి. చీచీ రాగానే లెక్క సున్నాకి వచ్చింది కాబట్టి, ఇప్పుడు మీరు 20 దగ్గర ఉన్నారు. ఈసారి పడే ఐదు నక్షత్రాలు కచ్చితంగా బ్యానర్ పాత్రవే. ఎంత దురదృష్టమైనా ఇంకో 70 విష్‌లు, విష్‌కి 160 చొప్పున 11,200 ప్రిమోజెమ్‌లు (విష్‌లకి ఖర్చయ్యే గేమ్‌లోని రత్నాలు).

అంత దాకా పోకపోవచ్చు. మామూలు అవకాశం 0.6 శాతమే అయినా, 74వ విష్ నుంచి అది గబగబా పెరుగుతుందని ఆటగాళ్లు పోగేసిన రికార్డులు చెబుతున్నాయి.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే: 90 అంటే కోరుకున్న పాత్ర అనుకుంటారు. ఆ 90 ఏదో ఒక ఐదు నక్షత్రాల పాత్రకి మాత్రమే. గ్యారంటీ లేకుండా సున్నా నుంచి మొదలుపెట్టినవాళ్లు 180కి, అంటే 28,800 ప్రిమోజెమ్‌లకి సిద్ధపడాలి.

ఆయుధాల బ్యానర్ లెక్క వేరు, అక్కడ హద్దు 80. స్టాండర్డ్ బ్యానర్‌దీ వేరే ఖాతానే. మీ లెక్క ఎంతో తెలియాలంటే గేమ్‌లోని విష్ హిస్టరీలో చివరి ఐదు నక్షత్రాల తర్వాత చేసిన విష్‌ల వరుసలు లెక్కపెట్టుకోండి. కొత్త విష్‌లు అందులో కనిపించడానికి గంట దాకా పట్టొచ్చు, కంగారుపడి మళ్లీ లాగకండి.