డాబా మీద లైటు తీసెయ్యి

చిన్నీ తల్లీ,

నువ్వు ఉద్యోగం మానేశావనీ, గుంటూరులో మీ డాబా మీద 200 కుండీల చామంతులు పెంచి, నవంబర్‌లో పుట్టినవాళ్ళకి పుట్టిన నెల పువ్వని కార్డు కట్టి అమ్ముతావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీ పిన్ని మాత్రం "మీ ఇంట్లో ఒక్కదానికైనా ధైర్యం వచ్చింది" అని అటు తిరిగి పడుకుంది.

పన్నెండు నెలలూ చేస్తానంటున్నావట. జూన్‌కి గులాబీ, అక్టోబర్‌కి బంతి, సరే. మార్చి డాఫోడిల్‌కి గట్టి చలి కావాలి, మన దగ్గర ఎక్కణ్ణుంచి తెస్తావ్? మే నెల లిల్లీ ఆఫ్ ది వ్యాలీ అసలు వద్దు. ఆకు, పువ్వు, కాయ అంతా విషమే. పసిపిల్లలున్న ఇంటికి అలాంటిది పంపితే నాకు గుండె ఆగిపోతుంది.

చామంతి పని నీకు తెలిసిందే. వానలు పడగానే పిలకలు నాటు, నెల తిరిగాక తలలు తుంచు, పేనుబంకకి వేపనూనె కొట్టు.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. 1998 నవంబర్‌లో నువ్వు పుట్టావు. కడుపులో ఉన్నప్పుడే, బారసాలకి ఇల్లంతా నేను పెంచిన చామంతులే అని మీ నాయనమ్మకి మాటిచ్చా. ఇక్కడ భవానీపురం డాబా మీద 120 కుండీలు పెట్టా. వినాయక చవితి పందిళ్ళ హడావుడిలో ఎవరో రెండు కుండీలు ఎత్తుకెళ్ళారు. దొంగలంటే నాకు చిన్నప్పట్నించీ భయం, నీకు తెలుసుగా. ఆ సాయంత్రమే వంద క్యాండిల్ బల్బు కట్టి, తెల్లార్లూ వెలిగేలా వదిలేశా. మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. ఆకులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. నీళ్ళు పోసి రోజూ కొనలు విప్పి చూసేవాణ్ణి. మొగ్గ ఉంటేనా! మీ నాయనమ్మ దిష్టి అని గుమ్మడికాయ వేలాడదీసింది. నేనేమో పిలకలు అమ్మినతన్ని బజారులో నలుగురి ముందూ తిట్టి వచ్చా. మర్నాడు అతనే ఇంటికొచ్చి మేడెక్కాడు. నీళ్ళ ట్యాంకు చాటున పడున్న 12 కుండీల్లో మొగ్గలు చూపించి, తలెత్తి బల్బు వంక చూశాడు. "వాటిని రాత్రుళ్ళు పడుకోనివ్వట్లేదు కదండీ" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నీ ఉయ్యాలకి ఆ 12 కుండీల పూలే కట్టాం, మిగతావి కొనుక్కొచ్చాం. అతనికి క్షమాపణ చెప్పడానికి నోరు రాలేదు, ఈ రోజుకీ చెప్పలేదు.

చామంతికి పొడుగు రాత్రి కావాలి. నడిరాత్రి కాసేపు వెలుగు పడ్డా మొగ్గ వెనక్కి పోతుంది. మొక్కలు పగలూ రాత్రీ లెక్క చూసుకుంటాయని 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికా శాస్త్రవేత్తలు రాశారు. వాళ్ళకది పట్టిచ్చింది పొగాకు మొక్క. పొగాకు బోర్డు ఉన్న ఊళ్ళో ఉంటూ నువ్వు కూడా నాలాగే చేశావంటే నవ్వుతారు.

కార్డు సంగతి. దీర్ఘాయువు అని రాస్తావు కదా, తప్పులేదు. చైనావాళ్ళు తమ తొమ్మిదో నెల తొమ్మిదో రోజున చామంతి మద్యం తాగేది ఆయుష్షు కోసమే. జపాన్ చక్రవర్తి ముద్ర కూడా 16 రేకుల చామంతి. కానీ అదే జపాన్‌లో తెల్ల చామంతి చావింటి పువ్వు. ఫ్రాన్స్‌లో నవంబర్ 1న సమాధుల మీద పెట్టేవీ చామంతులే. మనకి మాత్రం తక్కువా? దేవుడికీ పెళ్ళిపందిరికీ పాడెకీ అదే దండ. అందుకని తెల్లవి పెంచకు. గ్రీకులో ఆ పేరుకి అర్థమే బంగారు పువ్వు, పసుపువే పంపు. ఆ ఇంట్లో ఈ మధ్య ఎవరైనా పోయారేమో ముందు కనుక్కో. నాకు చాదస్తం అనుకున్నా సరే.

ఆదివారం బస్సులో వస్తున్నా. మీ వీధిలైటు డాబా మీద ఎంతవరకు పడుతుందో రాత్రి నేనే పైన కూర్చుని చూస్తా. అడ్డం కట్టడానికి నల్ల టార్పాలిన్ తెస్తున్నా, నువ్వు కొనకు. లైటు వెయ్యొద్దు గానీ మెట్ల గేటుకి మాత్రం ఇవాళే తాళం కొను.

మీ బాబాయ్